పేరు పెట్టిన సెల్స్‌తో మాక్రో: ఎక్సెల్, లిబ్రెఆఫీస్, గూగుల్ షీట్స్‌లో మీకు ఏది సరిపోతుంది?

ఆదోని యార్డులో ఒక రైతు 30 బస్తాల బుడ్డలు (వేరుశనగ) అమ్మాడనుకుందాం. తూకం 12 క్వింటాళ్లు, క్వింటా రేటు 6,200. మొత్తం 74,400 రూపాయలు. అందులో బస్తాకు హమాలీ 12, కాటా (తూకం కూలి) 3 చొప్పున 450 పోతే రైతు చేతికి 73,950 రావాలి. ఈ అంకెలు లెక్క కోసం అనుకున్నవే గానీ, మండీలో పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) రాసే పద్ధతి ఇదే.

ఈ పట్టీని మాక్రో, అంటే షీట్‌లో మనం చేసే పనిని తనంతట తానే చేసిపెట్టే చిన్న ప్రోగ్రామ్, వేస్తోంది. ‘రేట్లు’ అనే షీట్‌లో బీ2 సెల్‌లో (గడిలో) హమాలీ, బీ3లో కాటా ఉన్నాయి. మాక్రోలో కూడా ‘బీ2 తీసుకో, బీ3 తీసుకో’ అనే రాసి ఉంది. ఒకరోజు గుమాస్తా సంచి ధర 25 రూపాయలని పైన ఒక కొత్త వరుస చేర్చాడు. షీట్‌లోని ఫార్ములాలన్నీ వాటంతటవే ఒక వరుస కిందికి సర్దుకుంటాయి. మాక్రోలో రాసిన అడ్రస్ మాత్రం సర్దుకోదు, ఎందుకంటే అక్కడ అది ఉత్త అక్షరాలే. ఇప్పుడు మాక్రో 25ను హమాలీ అనుకుంటుంది, 12ను కాటా అనుకుంటుంది. కోత 450కి బదులు 1,110 అవుతుంది. రైతుకు 660 రూపాయలు తక్కువ పడతాయి. ఎర్రర్ రాదు, బీప్ రాదు, పట్టీ చక్కగా ప్రింటై బయటికొస్తుంది.

అందుకే నా మాట ఒక్కటే. మనుషులు మార్చే ప్రతి అంకెకూ ఒక పేరుండాలి, మాక్రోకు ఆ పేరు తప్ప అడ్రస్ తెలియకూడదు. సెల్‌కు పేరు పెడితే వరుసలు చేర్చినా, సెల్‌ను కట్ చేసి ఇంకోచోట పేస్ట్ చేసినా పేరు దాని వెంటే పోతుంది. ఇంతవరకూ మూడు ప్రోగ్రాములకూ తేడా లేదు. తేడా వచ్చేది ఆ పేర్లను ఏ ప్రోగ్రామ్‌లో, ఏ పద్ధతిలో పిలవాలన్న దగ్గరే.

ఒక సంగతి ముందే చెబుతాను. కింద ఆదేశాలను చదవడానికి వీలుగా తెలుగు లిపిలో రాశాను. టైప్ చేసేటప్పుడు మాత్రం అవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

ఫీచర్ల జాబితా చూసి ఎంచుకుంటే లాభం లేదు. నేనైతే ఈ ప్రశ్నలు అడుగుతాను.

ఆ షీట్ ముందు కూర్చునేది ఎవరు? అంగట్లో ఒకే కంప్యూటర్ మీద ఒకే గుమాస్తానా, లేక యార్డులో ఫోన్లు పట్టుకుని తిరిగే ముగ్గురు నలుగురా?

తప్పు జరిగితే మాక్రో ఆగిపోతుందా, నోరుమూసుకుని ముందుకు పోతుందా? డబ్బు లెక్కల్లో నేను అన్నిటికంటే ఎక్కువ విలువిచ్చేది దీనికే. ఆగిపోయే మాక్రో గుమాస్తాకు టెన్షన్ పెడుతుంది. ఆగకుండా తప్పు లెక్క వేసే మాక్రో రైతు జేబుకు చిల్లు పెడుతుంది.

మాక్రోలో తెలుగు రాయాలా? ‘పట్టీ సేవ్ అయింది’, ‘బస్తాల సంఖ్య వేయలేదు’ లాంటి మాటలు తెలుగులో కనిపించాలంటే మూడు ప్రోగ్రాములూ ఒకలా ఉండవు.

షీట్‌ను కాపీ చేసే అలవాటుందా? ఏప్రిల్ షీట్‌ను కాపీ చేసి మే అని పేరు మార్చడం మన దగ్గర ప్రతి అకౌంటెంటూ చేసే పనే. పేర్లు తికమక పడేది సరిగ్గా అక్కడే.

లైసెన్స్ ఖర్చు, నెట్ ఉందా లేదా అన్నవి వీటి తర్వాత.

## అసలు మాక్రో కావాలా?

చాలామందికి అక్కర్లేదు. రేట్ల సెల్స్‌కు పేర్లు పెట్టి, ఫార్ములాలో ‘బస్తాలు ఇంటూ హమాలీరేట్’ అని రాసుకుంటే సగం పని అయిపోయినట్టే. ఫార్ములా చదివితే అర్థమవుతుంది, వరుసలు చేర్చినా చెడిపోదు, సెక్యూరిటీ హెచ్చరికలు రావు, ఫోన్‌లో కూడా పనిచేస్తుంది.

కానీ ఒకచోట ఫార్ములా చేతులెత్తేస్తుంది. హమాలీ రేటు 12 నుంచి 14కి పెరిగిందనుకోండి. పేరు పెట్టిన సెల్‌లో 14 వేసిన క్షణంలో రిజిస్టర్‌లోని పాత పట్టీలన్నీ 14 లెక్కన మారిపోతాయి. పోయిన నెల రైతుకిచ్చిన కాగితంలో ఒక అంకె, మన రిజిస్టర్‌లో ఇంకో అంకె. ఆడిట్‌లోనో రైతుతో పేచీలోనో అది బయటపడితే సమాధానం చెప్పుకోలేం.

మాక్రో అసలు ఉపయోగం ఇక్కడుంది. ఆ రోజు పేరున్న సెల్‌లో ఉన్న రేటు చదివి, లెక్క వేసి, రిజిస్టర్‌లో ఫార్ములాగా కాకుండా ఉత్త అంకెగా రాసేస్తుంది. రేటు కూడా అదే వరుసలో ఒక కాలమ్‌లో నమోదవుతుంది. రేపు రేటు మారినా నిన్నటి పట్టీ కదలదు.

కాబట్టి మీ రేట్లు మారతాయా, పాత లెక్క పాతగానే ఉండాలా అని చూసుకోండి. రెంటికీ అవునంటే మాక్రో రాయండి. స్కూల్లో మార్కుల షీట్, ఇంటి బడ్జెట్, ఒకసారి వేసి వదిలేసే ఎస్టిమేట్ లాంటివాటికి పేర్లు, ఫార్ములాలు చాలు.

## పేర్లు పెట్టేటప్పుడు అందరికీ వర్తించేవి

పేరులో స్పేస్ ఉండకూడదు, అంకెతో మొదలు కాకూడదు. సెల్ అడ్రస్‌లా కనిపించే పేరును ఎక్సెల్ ఒప్పుకోదు. ఈ చివరి నిబంధన మన ఊళ్లవాళ్లకు బాగా అడ్డుపడుతుంది. కర్నూలుకు కేఎన్ఎల్, అనంతపురానికి ఏటీపీ, కడపకు కేడీపీ అని మూడక్షరాలు రాసి పక్కన 2024 తగిలించడం అలవాటు కదా. 2007 ఎక్సెల్ నుంచి కాలమ్‌లు 16,384కి పెరిగాయి. చివరి కాలమ్ ఎక్స్ఎఫ్‌డీ. ఆ లెక్కన కేఎన్ఎల్2024 అనేది నిజంగా ఉన్న ఒక సెల్. ఆ పేరు పెట్టబోతే ఎక్సెల్ కుదరదంటుంది, లేదా ఫార్ములా బార్ పక్కనున్న నేమ్ బాక్స్‌లో కొడితే మిమ్మల్ని ఎక్కడో దూరాన ఉన్న ఆ సెల్ దగ్గరికి తీసుకుపోయి నిలబెడుతుంది. మధ్యలో అండర్‌స్కోర్ పెడితే సమస్య తీరిపోతుంది.

సార్ట్ చేసే జాబితా లోపలున్న సెల్‌కు పేరు పెట్టకండి. సార్ట్ చేస్తే విలువలు కదులుతాయి, పేరు మాత్రం అదే చోట ఉండిపోతుంది. నిన్న ఒక రైతు బాకీని చూపించిన పేరు ఇవాళ ఇంకో రైతు బాకీని చూపిస్తుంది. పేర్లు రేట్లకు, తేదీకి, పట్టీ నంబరుకు, ఎంట్రీ గడులకు సరిపోతాయి. పెరిగే జాబితాకు ఎక్సెల్‌లో టేబుల్ చేసుకోవడమే మంచిది. ఏ2 నుంచి ఏ60 దాకా పేరు పెట్టి 61వ వరుసలో కొత్తది రాస్తే ఆ పేరు దాన్ని కలుపుకోదు. టేబుల్ కలుపుకుంటుంది.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చి కర్నూలు నుంచి నంద్యాల విడిపోయినప్పుడు ఈ తేడా చాలా షీట్లలో తెలిసింది. మండలాల జాబితాను అడ్రస్‌తో చదివే మాక్రోల్లో ప్రతి లైనూ వెతికి మార్చుకోవాలి. మండలాలకు టేబుల్‌గానీ పేరుగానీ ఉన్నవాళ్లు జాబితా మార్చుకుంటే చాలు, మాక్రోను ముట్టుకోవాల్సిన అవసరం లేదు.

ఇంకొకటి. పేరున్న రేటు సెల్‌కు డేటా వాలిడేషన్ పెట్టి, సున్నాకంటే పెద్ద అంకె తప్ప ఏదీ పట్టకుండా చేయండి. ఎందుకో లిబ్రెఆఫీస్ దగ్గర చెబుతాను.

## ఎక్సెల్: ఒకే పేరును పిలిచే నాలుగు దారులు

ఎక్సెల్‌లో మాక్రోలు రాసే భాష వీబీఏ 1993 నుంచీ ఉంది. మన దగ్గర మాక్రో అంటే ఎక్కువమందికి ఇదే. పేరు పెట్టడం తేలిక. సెల్ మీద నిలబడి, ఫార్ములా బార్‌కు ఎడమవైపున్న నేమ్ బాక్స్‌లో పేరు కొట్టి ఎంటర్ నొక్కాలి. కంట్రోల్ ఎఫ్3 నొక్కితే నేమ్ మేనేజర్ తెరుచుకుని పెట్టిన పేర్లన్నీ కనిపిస్తాయి. కష్టం ఆ పేరును మాక్రోలో పిలిచేటప్పుడు మొదలవుతుంది.

మొదటి దారి, రేంజ్("హమాలీరేట్").వాల్యూ. అందరూ మొదట నేర్చుకునేది ఇదే, చిన్నది కూడా. కానీ మాక్రోలు రాసే మామూలు మాడ్యూల్‌లో ఇలా రాస్తే ఎక్సెల్ ఆ పేరు కోసం అప్పుడు తెర మీదున్న ఫైల్‌లో వెతుకుతుంది. పోయిన ఏడాది ఫైల్‌ను పోల్చి చూడటానికి పక్కన తెరిచి ఉంచి మాక్రో నడిపారనుకోండి. ఆ ఫైల్‌ను కాపీ చేసే కొత్తది తయారుచేశారు కాబట్టి అందులోనూ అదే పేరుంటుంది. పోయిన ఏడాది రేటు ఈ ఏడాది పట్టీలోకి చప్పుడు లేకుండా వచ్చేస్తుంది. డబ్బు లెక్కకు ఈ దారి వద్దు.

రెండో దారి, చదరపు బ్రాకెట్లలో పేరు. రాయడానికి ఇంకా చిన్నది. పై ఇబ్బంది దీనికీ ఉంది, దానికి తోడు ఇంకోటి. పేరు తప్పు కొడితే ఆ లైన్‌లోనే ఆగకుండా ఒక ఎర్రర్ విలువను మోసుకుపోతుంది. తర్వాతెక్కడో గుణకారం దగ్గర ఆగుతుంది, అప్పుడు తప్పు ఎక్కడుందో వెతుక్కోవాలి. చేత్తో ఏదైనా చెక్ చేసుకోవడానికి పనికొస్తుంది, అంతవరకే.

మూడో దారి, దిస్‌వర్క్‌బుక్.నేమ్స్("హమాలీరేట్").రిఫర్స్‌టురేంజ్.వాల్యూ. ఇది మాక్రో ఉన్న ఫైల్‌లోనే వెతుకుతుంది. తెర మీద ఏ ఫైల్ ఉన్నా ఫర్వాలేదు. పేర్ల జాబితా మొత్తం తిరగేసి ఏవి చెడిపోయాయో చూసే మాక్రోకు ఇదే కావాలి. రోజువారీ వాడకానికి మరీ పొడుగు.

నాలుగో దారి, షీట్ కోడ్‌నేమ్ చుక్క రేంజ్. నేను ఎంచుకునేది ఇది. వీబీఏ ఎడిటర్‌లో షీట్‌ను ఎంచుకుని ఎఫ్4 నొక్కితే ప్రాపర్టీస్ విండో వస్తుంది. అందులో పైన బ్రాకెట్లతో ఉన్న నేమ్ దగ్గర ‘షీట్‌రేట్స్’ అని ఇంగ్లీషులో పెట్టుకోండి. ఇది ట్యాబ్ మీద కనిపించే పేరు కాదు. ట్యాబ్ మీద హాయిగా ‘రేట్లు’ అని తెలుగులోనే ఉంచుకోవచ్చు, ఎవరైనా దాన్ని ‘కొత్త రేట్లు’ అని మార్చినా మాక్రో చెడదు. తర్వాత షీట్‌రేట్స్.రేంజ్("హమాలీరేట్").వాల్యూ అని రాయాలి. ఇది మాక్రో ఉన్న ఫైల్‌లో, ఆ షీట్‌లోనే చూస్తుంది. ఆ పేరు ఆ షీట్‌లో లేకపోయినా, ఇంకో షీట్‌ను చూపిస్తున్నా 1004 ఎర్రర్‌తో అక్కడే ఆగుతుంది. మనకు కావలసింది అదే.

కోడ్‌నేమ్‌తో తెలుగువాళ్లకు ఇంకో మేలుంది. మామూలు సెట్టింగులున్న విండోస్‌లో వీబీఏ ఎడిటర్ తెలుగు అక్షరాలను పట్టుకోలేదు. మాక్రోలో ‘రేట్లు’ అని పేస్ట్ చేస్తే ప్రశ్నార్థకాలు పడతాయి. మెసేజ్ బాక్స్‌లోనూ అదే గతి. దీనికి నేను చెప్పే మార్గం కూడా పేర్లతోనే. సందేశాలను ఒక షీట్‌లో తెలుగులో రాసి, ఒక్కో సెల్‌కు ఇంగ్లీషు పేరు పెట్టండి. పట్టీ షీట్‌లో పైన ఒక ఖాళీ సెల్‌కు ‘స్టేటస్’ అనే పేరివ్వండి. మాక్రో మెసేజ్ బాక్స్ జోలికి పోకుండా, సందేశం సెల్‌లోని తెలుగు మాటను స్టేటస్ సెల్‌లోకి తెచ్చి పెడుతుంది. సెల్ నుంచి సెల్‌కు పోయేటప్పుడు తెలుగు చెడిపోదు. మాట మార్చాలన్నా గుమాస్తానే షీట్‌లో మార్చుకుంటాడు.

### వర్క్‌బుక్ పేరా, షీట్ పేరా?

నేమ్ మేనేజర్‌లో స్కోప్ అనే కాలమ్ ఉంటుంది. చాలామంది దాన్ని చూడనే చూడరు. నేమ్ బాక్స్‌లో పెట్టిన పేరు ఫైల్ మొత్తానికీ వర్తిస్తుంది. కావాలంటే ఒక్క షీట్‌కే పరిమితమైన పేరు కూడా పెట్టుకోవచ్చు.

అంగట్లో ఒకటే రేటు నడుస్తుంటే వర్క్‌బుక్ స్థాయి పేరు చాలు. బుడ్డలు, ఉల్లి, పత్తి మూడూ చూసే మండీలో హమాలీ ఒక్కో సరుకుకు ఒక్కోలా ఉంటుంది. అప్పుడు ప్రతి సరుకు షీట్‌లోనూ ‘హమాలీరేట్’ అనే ఒకే పేరును షీట్ స్థాయిలో పెట్టండి. మాక్రో ఒక్కటే రాసి, ఏ షీట్ మీద నడిపితే ఆ షీట్ రేటు తీసుకునేలా చేయొచ్చు.

అయితే ఈ రెంటినీ కలపకండి. ఫైల్ మొత్తానికి ఒక హమాలీరేట్, పైగా ఉల్లి షీట్‌కు ఇంకో హమాలీరేట్ ఉంటే, ఉల్లి షీట్‌లో రాసిన ఫార్ములా ఉల్లి రేటే తీసుకుంటుంది. ఎవరైనా ఆ షీట్ పేరును పొరపాటున తీసేస్తే మాత్రం, ఫార్ములాలు తిరిగి లెక్క కట్టినప్పుడు మారుమాట లేకుండా ఫైల్ మొత్తానికున్న రేటు తీసుకుంటాయి.

మీరు కావాలని కలపకపోయినా ఎక్సెల్ కలుపుతుంది. వర్క్‌బుక్ పేర్లున్న షీట్‌ను అదే ఫైల్‌లో కాపీ చేస్తే, కొత్త షీట్‌కు అవే పేర్లు షీట్ స్థాయిలో పుడతాయి. ఏప్రిల్‌ను కాపీ చేసి మే చేసినప్పుడు జరిగేది ఇదే. అందుకని రేట్ల షీట్‌ను వేరుగా ఉంచండి, దాన్ని ఎప్పుడూ కాపీ చేయకండి. నెలవారీ షీట్లలో పేర్లే ఉండకుండా చూసుకోండి.

### ఎక్సెల్ గురించి మిగిలిన నాలుగు మాటలు

మాక్రో రికార్డర్ అడ్రస్‌లే రాస్తుంది. రికార్డింగ్‌లో ఎఫ్5 నొక్కి పేరు ఎంచుకుని వెళ్తే మాత్రం పేరునే రాసుకుంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది మంచి దారి.

ఎంట్రీ గడులన్నిటినీ కంట్రోల్ పట్టుకుని ఎంచుకుని ఒకే పేరు పెట్టొచ్చు. పట్టీ సేవ్ అయ్యాక ఒక్క లైన్‌తో అన్నీ ఖాళీ అవుతాయి. అందులో మెర్జ్ చేసిన (ఒకటిగా కలిపిన) సెల్స్ ఉంటే ఆ లైన్ ఆగిపోతుంది, ఎందుకంటే పేరు మెర్జ్ మొత్తానికి కాకుండా మొదటి సెల్‌కే అతుక్కుంటుంది. ఎంట్రీ గడుల దగ్గర మెర్జ్ మానేయండి.

మాక్రో నడిచాక కంట్రోల్ జెడ్ పనిచేయదు. అందుకే రోజూ మాక్రో మొదలుపెట్టే ముందు ఫైల్‌కు ఒక కాపీ ఉంచుకోవాలి.

ఇంటర్నెట్ నుంచి దించిన మాక్రో ఫైల్స్‌ను ఎక్సెల్ 2022 నుంచి మామూలుగా అడ్డుకుంటోంది. మీకు తెలిసినవాళ్లు పంపిన ఫైల్ అయితేనే, దాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ టిక్ పెట్టి తెరవండి. ఫోన్‌లోని ఎక్సెల్‌లోగానీ బ్రౌజర్‌లోని ఎక్సెల్‌లోగానీ వీబీఏ నడవదు.

## లిబ్రెఆఫీస్ క్యాల్క్: డబ్బు లేదు, తెలుగు ఉంది

లైసెన్స్ కొనలేని అంగళ్లకు, కంప్యూటర్ సెంటర్లకు ఇది ఉచితం. లినక్స్‌లో కూడా నడుస్తుంది. బేసిక్‌తో పాటు పైథాన్‌లోనూ మాక్రోలు రాయొచ్చు. తెలుగు విషయంలో ఎక్సెల్ కంటే చాలా నయం. బేసిక్ ఎడిటర్‌లో తెలుగు వాక్యం నేరుగా రాసినా చెక్కుచెదరదు, మెసేజ్ బాక్స్‌లోనూ తెలుగే వస్తుంది.

పేరును పిలిచే దారి కొంచెం పొడుగు. దిస్‌కాంపోనెంట్.నేమ్‌డ్‌రేంజెస్.గెట్‌బైనేమ్("హమాలీరేట్").గెట్‌రిఫర్డ్‌సెల్స్ అని తెచ్చుకుని, అందులో మొదటి సెల్ కోసం గెట్‌సెల్‌బైపొజిషన్(0, 0) అనాలి. ఇక్కడ లెక్క సున్నాతో మొదలవుతుంది, ముందు కాలమ్, తర్వాత వరుస. వీబీఏ నుంచి వచ్చినవాళ్లకు ఇది రెండు రకాలుగా తిరగబడినట్టు అనిపిస్తుంది. పేరు లేకపోతే ఆ లైన్ దగ్గరే ఆగుతుంది. హ్యాజ్‌బైనేమ్ అని ముందే అడిగి చూసుకునే వీలూ ఉంది. మాక్రోను ఫైల్ లోపలే దాచుకుంటే దిస్‌కాంపోనెంట్ ఆ ఫైల్‌నే చూస్తుంది, కాబట్టి పోయిన ఏడాది ఫైల్‌తో వచ్చే ప్రమాదం తప్పుతుంది.

నన్ను కంగారు పెట్టేది ఇంకొకటి. రేటు సెల్‌లో ఎవరైనా ‘12 రూ.’ అని కొట్టారనుకోండి. అది అంకె కాదు, అక్షరాలు. అలాంటి సెల్ విలువ అడిగితే క్యాల్క్ సున్నా ఇస్తుంది. హమాలీ సున్నా అయిపోయి పట్టీ ముందుకు పోతుంది. ఎక్సెల్ వీబీఏలో అదే సెల్‌ను 30తో గుణిస్తే టైప్ మిస్‌మ్యాచ్ అని ఆగిపోతుంది. గూగుల్‌లో అంకె కాని ఫలితం వస్తుంది, అది కంటికి కనిపిస్తుంది. ఈ మూడింట్లో నిశ్శబ్దంగా పోయేది క్యాల్క్ ఒక్కటే. వాలిడేషన్ పెట్టమని పైన చెప్పింది ఇందుకే. సెల్ ఖాళీగా ఉంటే మాత్రం మూడు చోట్లా సున్నా లెక్కే, కాబట్టి ‘రేటు సున్నాకంటే పెద్దదా’ అనే పరీక్ష ఏ మాక్రోలోనైనా మొదటి లైన్లలో ఉండాలి.

ఎక్సెల్ మాక్రో ఫైల్‌ను లిబ్రెఆఫీస్‌లో తెరిస్తే వీబీఏ కొంతమేరకే నడుస్తుంది. అంగట్లో ఎక్సెల్, ఇంట్లో లిబ్రెఆఫీస్ అని ఒకే ఫైల్‌ను అటూ ఇటూ తిప్పే ఆలోచన ఉంటే మానుకోండి.

## గూగుల్ షీట్స్: నలుగురి చేతిలో ఫోన్లుంటే

ఓర్వకల్లు వైపు పొదుపు సంఘాల లెక్కలు రాసేవాళ్లకు, యార్డులో నిలబడి తూకం నమోదు చేసేవాళ్లకు కంప్యూటర్ ముందు కూర్చునే వీలుండదు. అలాంటివాళ్లకు నేను నేరుగా ఇదే చెబుతాను.

డేటా మెనూలో నేమ్‌డ్ రేంజెస్ ఉంటుంది. ఎక్స్‌టెన్షన్స్‌లో యాప్స్ స్క్రిప్ట్ ఉంటుంది, ఇక్కడ మాక్రోలు రాసేది అందులోనే. స్ప్రెడ్‌షీట్‌యాప్.గెట్‌యాక్టివ్‌స్ప్రెడ్‌షీట్().గెట్‌రేంజ్‌బైనేమ్("హమాలీరేట్").గెట్‌వాల్యూ() అంటే విలువ చేతికొస్తుంది. స్క్రిప్ట్ ఆ షీట్‌కే కట్టుబడి ఉంటుంది కాబట్టి వేరే ఫైల్ రేటు వచ్చే భయం లేదు. పేరు లేకపోతే గెట్‌రేంజ్‌బైనేమ్ నల్ (ఏమీ లేదని) ఇస్తుంది, దాని మీద గెట్‌వాల్యూ అనగానే ఆగుతుంది. తెలుగు వాక్యాలు స్క్రిప్ట్‌లో నేరుగా రాసుకోవచ్చు. ఏదైనా తప్పు జరిగితే వెర్షన్ హిస్టరీలో నిన్నటి షీట్‌కు వెనక్కి పోవచ్చు. ఎక్సెల్ మాక్రోలో లేని ఈ ధైర్యం చిన్నది కాదు.

ఇబ్బందులు వేరే రకంవి. ఫోన్ యాప్‌లో బటన్ బొమ్మలు, మనం చేర్చుకున్న మెనూలు పనిచేయవు. అందుకని ఒక చెక్‌బాక్స్ సెల్‌కు ‘సేవ్‌పట్టీ’ అని పేరు పెట్టి, దాన్ని టిక్ చేయగానే ఆన్‌ఎడిట్ (సెల్ మారగానే దానంతటదే మొదలయ్యే) స్క్రిప్ట్ నడిచేలా రాసుకోవాలి. ఇది ఫోన్‌లో నడుస్తుంది.

ఇక్కడో చిక్కుంది. పట్టీ నంబరున్న సెల్‌ను ఎవరూ చెడగొట్టకుండా ప్రొటెక్ట్ చేస్తారు. మామూలు ఆన్‌ఎడిట్ మాత్రం టిక్ పెట్టిన మనిషి హక్కులతో నడుస్తుంది. ఆ మనిషికి ఆ సెల్ మార్చే హక్కు లేదు కాబట్టి స్క్రిప్ట్ కూడా మార్చలేదు. ఇన్‌స్టాల్ చేసుకునే ట్రిగ్గర్ (స్క్రిప్ట్‌ను దానంతటదే నడిపించే ఏర్పాటు) పెడితే అది పెట్టినవాళ్ల హక్కులతో నడుస్తుంది. అంటే ఓనరో సంఘం లెక్కలు చూసే ఆమెనో ఒకసారి తన లాగిన్‌తో ట్రిగ్గర్ పెట్టుకుంటే, మిగిలినవాళ్లు రేట్లు ముట్టుకోలేరు గానీ పట్టీలు వేయగలరు. డబ్బు లెక్కలకు ఈ అమరిక నాకు బాగా నచ్చుతుంది. ఇద్దరు ఒకేసారి టిక్ పెడితే ఒకే పట్టీ నంబరు ఇద్దరికీ పోకుండా, ఒకరి పని అయ్యేదాకా ఇంకొకరిని ఆపే లాక్‌సర్వీస్ కూడా వాడాలి.

మామూలు ఆన్‌ఎడిట్‌కు 30 సెకన్లు, మిగతా స్క్రిప్ట్‌లకు ఒకసారి నడిస్తే 6 నిమిషాలు గడువు. ఒక్కో పేరును విడిగా చదవడం నెమ్మది, కాబట్టి రేట్లన్నిటినీ కలిపి ఒకే పేరు కింద పెట్టి ఒకేసారి చదివితే వేగంగా పోతుంది. నెట్ లేకపోతే మాత్రం స్క్రిప్ట్ నడవదు. యార్డులో మీ సిగ్నల్ ఎలా ఉంటుందో మీకే తెలుసు.

పాత అను ఫాంట్లతో టైప్ చేసిన రైతుల పేర్లుంటే, గూగుల్ షీట్స్‌లోకి పోయాక అవి గజిబిజి అక్షరాలుగా కనిపిస్తాయి. ముందుగా యూనికోడ్‌లోకి మార్చుకోండి.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| చూడాల్సింది | ఎక్సెల్ వీబీఏ | లిబ్రెఆఫీస్ బేసిక్ | గూగుల్ యాప్స్ స్క్రిప్ట్ |
|---|---|---|---|
| ఖర్చు | లైసెన్స్ కావాలి | ఉచితం | మామూలు ఖాతాతో ఉచితం |
| ఫోన్‌లో మాక్రో | నడవదు | దీనికోసం ఎంచుకోకండి | చెక్‌బాక్స్ పద్ధతిలో నడుస్తుంది |
| నెట్ లేకుండా | నడుస్తుంది | నడుస్తుంది | నడవదు |
| మాక్రోలో తెలుగు వాక్యాలు | సెల్‌లో రాసి తెచ్చుకోవాలి | నేరుగా | నేరుగా |
| పేరు లేకపోతే | ఆగుతుంది (చదరపు బ్రాకెట్లు తప్ప) | ఆగుతుంది | ఆగుతుంది |
| రేటు గడిలో అక్షరాలుంటే | ఎర్రర్‌తో ఆగుతుంది | సున్నాగా తీసుకుంటుంది | అంకె కాని ఫలితం |
| వేరే ఫైల్ రేటు వచ్చే ప్రమాదం | మొదటి రెండు దారుల్లో ఉంది | ఫైల్ లోపలి మాక్రోకు లేదు | లేదు |
| నడిచాక వెనక్కి తీసుకోవడం | కుదరదు, కాపీ ఉంచుకోవాలి | కాపీ ఉంచుకోవడం మేలు | వెర్షన్ హిస్టరీ |

## మీరు ఏ రకం?

ఒకే కంప్యూటర్, ఒకే గుమాస్తా, రోజంతా పట్టీలు ప్రింట్ కొట్టే మండీ అయితే ఎక్సెల్, కోడ్‌నేమ్ దారి. నెట్‌తో పని లేదు, ప్రింట్ అమరిక బాగుంటుంది, ఊళ్లో వీబీఏ తెలిసినవాళ్లు దొరుకుతారు. లైసెన్స్ లేని కాపీలో డబ్బు లెక్కలు పెట్టుకుని కూర్చోవడం కంటే లిబ్రెఆఫీస్‌కు మారడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

కొత్తగా మొదలుపెడుతున్న చిన్న అంగడి, తెలుగులోనే అన్నీ కనిపించాలనుకునేవాళ్లు లిబ్రెఆఫీస్ తీసుకోండి. పాత ఎక్సెల్ మాక్రోల బరువు లేనివాళ్లకు ఇది హాయి. వాలిడేషన్ మాత్రం మర్చిపోకూడదు.

సంఘాలు, ఇద్దరు ముగ్గురు భాగస్తులున్న వ్యాపారం, ఓనరు ఒక ఊళ్లో అంగడి ఇంకో ఊళ్లో ఉన్నవాళ్లు గూగుల్ షీట్స్ వైపు పోవాలి.

కంప్యూటర్ సెంటర్లో ఉద్యోగం కోసం నేర్చుకుంటున్న పిల్లలు వీబీఏతో మొదలుపెట్టొచ్చు. మొదటి రోజు నుంచే బీ2 అని రాయకుండా పేరుతో రాసే అలవాటు చేసుకుంటే, తర్వాత యాప్స్ స్క్రిప్ట్‌కు మారినా ఆ పేర్లు అలాగే పనికొస్తాయి.

అడ్రస్‌లతో రాసిన పాత మాక్రో ఇప్పటికే నడుస్తుంటే దాన్ని పారేయనక్కర్లేదు. ఫైల్‌కు కాపీ తీసుకోండి. వీబీఏ ఎడిటర్‌లో కంట్రోల్ ఎఫ్ నొక్కి ‘రేంజ్(’ అని వెతికితే అడ్రస్‌లు వరసగా దొరుకుతాయి. ‘సెల్స్(’ అని కూడా ఒకసారి వెతకండి, కొంతమంది అంకెలతో అలా రాస్తారు. ముందు డబ్బును తగ్గించే సెల్స్‌కు, అంటే హమాలీ, కాటా, అడ్వాన్స్ కోతలకు పేర్లు పెట్టి మార్చండి. ఆ తర్వాత పట్టీ నంబరు, తేదీ. చివర్లో ఎంట్రీ గడులు. ఒక్కోటి మార్చిన ప్రతిసారీ పాత పట్టీ ఒకటి తీసుకుని మాక్రోతో మళ్లీ వేసి, కాగితంతో సరిచూడండి. అది సరిపోయాక రేట్ల షీట్‌లో పైన ఒక ఖాళీ వరుస చేర్చి అదే పట్టీని ఇంకోసారి వేయండి. అంకె మారకుండా ఉంటేనే తర్వాతి సెల్‌కు పోవాలి.